అమెరికా బ్లూ-రేలు రాయగడలో ప్లే అవుతాయా? మన పెళ్ళి డిస్కు అక్కడ ప్లే అవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని రాయగడలో ఉంటారు. దసరాకి న్యూజెర్సీ నుంచి అక్కా బావగార్లు వస్తూ పాతిక దాకా డిస్కులు తెస్తామంటున్నారు. నీలం డబ్బాలు ఎక్కువ, "4కే" అని ఉన్న నల్ల డబ్బాలు ఆరేడు, ఎరుపు డబ్బాలు మూడు. మీ ఇంట్లో 4కే టీవీ ఉంది, బ్లూ-రే ప్లేయర్ లేదు. ఇక్కడ కొనాలా, వాళ్ళదే తెమ్మనాలా? రెండో సంగతి: తమ్ముడి పెళ్ళి వీడియో బ్లూ-రే మీద రాయించి వాళ్ళ చేతికిచ్చి పంపాలి. బరంపురంలో ఒక స్టూడియో రాసిస్తామంది. అది నిజంగా బ్లూ-రేనా కాదా తేల్చుకోవడం ఎలా?

ముందు జవాబు చెప్పేస్తాను.

వాళ్ళ ప్లేయరే తెమ్మనండి, అది 4కే ప్లేయర్ అయితే. నల్ల డబ్బాలవి ఏ దేశంలో కొన్న 4కే ప్లేయర్లోనైనా వస్తాయి. నీలం డబ్బాల్లో కొన్ని ఇక్కడ కొన్న ప్లేయర్లో రావు, అక్కడ కొన్నదాంట్లో అన్నీ వస్తాయి. ఎరుపు డబ్బాలు రెండింట్లోనూ రావు, బరువు మోయొద్దని చెప్పండి. ప్లేయర్ వచ్చాక దాని వెనక లేబుల్ చదవకుండా మన గోడ ప్లగ్గులో పెట్టొద్దు. పెళ్ళి డిస్కు మాత్రం సెకనుకి 23.976 ఫ్రేముల్లో చేయించండి. ఇక్కడి అలవాటు కొద్దీ 50 ఇంటర్‌లేస్‌డ్‌లో (ఒక్కో ఫ్రేముని రెండు సగాలుగా, సెకనుకి 50 సగాలు పంపే పద్ధతి) చేసిస్తే న్యూజెర్సీలో తెర మీద బొమ్మే రాకపోవచ్చు.

ఇప్పుడు ఎందుకో చూద్దాం.

డబ్బాల రంగులు

సీడీ, డీవీడీ, బ్లూ-రే అన్నీ 12 సెంటీమీటర్ల చక్రాలే, మందం 1.2 మిల్లీమీటర్లే. తేడా చదివే లేజరులో ఉంది. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరు. తరంగం పొట్టిదైన కొద్దీ లేజరు చుక్క చిన్నదవుతుంది, వరసలు దగ్గరగా వేయొచ్చు. డీవీడీలో వరసకీ వరసకీ మధ్య 0.74 మైక్రాన్లు, బ్లూ-రేలో 0.32. అందుకే డీవీడీలో 4.7 జీబీ పట్టే పొరలో బ్లూ-రేకి 25 జీబీ పట్టింది. రెండు పొరలైతే 50. నల్ల డబ్బా 4కే డిస్కులు 50, 66, 100 జీబీల్లో వస్తాయి. 66లో రెండు పొరలు, 100లో మూడు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి: 4కే ప్లేయర్లో నీలం డబ్బా డిస్కు వస్తుంది, మామూలు బ్లూ-రే ప్లేయర్లో నల్ల డబ్బా డిస్కు రాదు. వాళ్ళ ప్లేయర్ ముందు భాగంలో "అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే" గుర్తు ఉందో లేదో ఫోన్‌లోనే అడిగేయండి. "4కే అప్‌స్కేలింగ్" అని రాసున్నంత మాత్రాన 4కే ప్లేయర్ కాదు, మామూలు బొమ్మని సాగదీసి చూపిస్తుందంతే. ఈ మాట చూసి పొరపాటున కొన్నవాళ్ళు చాలామంది.

ఎరుపు డబ్బాలు హెచ్‌డీ డీవీడీలు. 2006లో తోషిబా వైపు హెచ్‌డీ డీవీడీ, సోనీ వైపు బ్లూ-రే పోటీకి దిగాయి. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే పక్షం చేరింది, ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. అక్కడితో ఆ డిస్కుల పని అయిపోయింది. లేజరు రంగు ఒకటే అయినా డేటా ఉన్న లోతు వేరు (హెచ్‌డీ డీవీడీలో 0.6 మిల్లీమీటర్లు, బ్లూ-రేలో 0.1), కాబట్టి బ్లూ-రే ప్లేయర్ దాన్ని చదవలేదు. డబ్బా మీద "కాంబో" అని ఉంటే అదొక్కటి తెచ్చుకోవచ్చు. దానికి ఒకవైపు హెచ్‌డీ డీవీడీ, తిరగేస్తే మామూలు డీవీడీ.

రీజియన్ తాళం ఎక్కడుంది, ఎక్కడ లేదు

ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లో రావాలో కట్టడి చేసేందుకు బ్లూ-రేకి ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. ఏ: అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. బీ: యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆస్ట్రేలియా. సీ: మనం, చైనా, రష్యా, మన చుట్టుపక్కల దేశాలు. డబ్బా వెనక అట్ట మీద చిన్న భూగోళం గుర్తులో అక్షరం ఉంటుంది. "ఏ" ఒక్కటే ఉంటే ఇక్కడ కొన్న ప్లేయర్ తీసుకోకపోవచ్చు, "ఏబీసీ" మూడూ ఉంటే బెంగ లేదు. వార్నర్, పారామౌంట్, యూనివర్సల్ డిస్కులకి చాలావరకు తాళం ఉండదు. మిగతావాటి సంగతి డిస్కు డిస్కుకీ మారుతుంది.

4కే డిస్కులకి రీజియన్ తాళమే లేదు. కానీ నల్ల డబ్బా తెరిస్తే తరచుగా రెండు డిస్కులుంటాయి, ఒకటి 4కే, ఒకటి మామూలు బ్లూ-రే. 4కే ఎక్కడైనా వస్తుంది, పక్కనున్న మామూలు దానికి తాళం ఉండొచ్చు. "ఒక డిస్కు వస్తోంది, అదే డబ్బాలోది ఇంకొకటి రావట్లేదు, చెడిపోయిందా" అనే ప్రశ్న వెనక సగం సార్లు ఉండేది ఇదే.

డీవీడీల లెక్క వేరే. అమెరికాది రీజియన్ 1, మనది 5. దానికి తోడు పాల్, ఎన్‌టీఎస్‌సీ (మన, అమెరికా పాత టీవీ పద్ధతులు) గొడవ ఒకటి. అమెరికా ప్లేయర్లు కొన్ని మన పాల్ డీవీడీని పెట్టగానే బయటికి తోసేస్తాయి. అందుకని మీ ఇంట్లో ఉన్న పాత డీవీడీ ప్లేయర్ని పాతసామాన్లవాడికి ఇవ్వకండి.

వాళ్ళ ప్లేయర్ 4కేది కాకపోతే ఇంకో దారి ఉంది. ఇంట్లో పిల్లలకి డిస్కు స్లాటున్న పీఎస్5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ (వీడియో గేమ్ పెట్టెలు) ఉంటే 4కే ప్లేయర్ ఉన్నట్టే. నల్ల డబ్బాలు దాంట్లో వేసుకోవచ్చు, నీలం డబ్బాలకి మాత్రం మన సీ రీజియనే వర్తిస్తుంది. పీఎస్4, పీఎస్4 ప్రో రెండూ 4కే డిస్కు చదవవు.

కరెంటు: ఎక్కువ ప్లేయర్లు పోయేది ఇక్కడే

ప్లేయర్ వెనక, తీగ దిగే చోట చిన్న లేబుల్ ఉంటుంది. దాని మీద "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ప్లగ్ ఆకారం మార్చే కన్వర్టర్ ఒక్కటి చాలు. "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే ఆగండి.

అమెరికా రెండు చదునైన పిన్నుల్ని మన గుండ్రటి పిన్నులుగా మార్చే యాభై రూపాయల కన్వర్టర్ వోల్టేజీని ఒక్క వోల్టు కూడా తగ్గించదు. 120 వోల్టుల సప్లయిలో రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) తర్వాత 170 వోల్టులు వస్తుంది, అక్కడ 200 వోల్టుల కెపాసిటర్ వేసి ఉంటుంది. దానికి మన 230 ఇస్తే 325 చేరుతుంది. ఫట్‌మని శబ్దం, కాలిన వాసన, ఫ్యూజు పోతుంది. అదృష్టం బాగుంటే కెపాసిటర్, ఫ్యూజు, వేరిస్టర్ మార్చితే బతుకుతుంది. బాగోకపోతే మెయిన్ బోర్డు కూడా పోతుంది, దానికి ఇక్కడ విడిభాగాలు దొరకవు.

చిన్న ప్లేయర్లు కొన్నింటికి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. అప్పుడు చదవాల్సింది అడాప్టర్ మీది లేబుల్. అది 100–240 కాకపోయినా పెద్ద నష్టం లేదు, అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పిన్ను కొలత, లోపల ప్లస్ బయట మైనస్ చూసుకుని ఇక్కడి అడాప్టర్ వేసుకోవచ్చు.

120 వోల్టుల ప్లేయర్ అయితే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొనేటప్పుడు చూడాల్సినవి:

ప్లేయర్ తినేది మహా అయితే 30 వాట్లు, కాబట్టి 100 వీఏ (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత) చాలు. 500 వీఏ అమ్మబోతారు, అక్కర్లేదు.

హెయిర్ డ్రయ్యర్ల కోసం ప్రయాణికులకి అమ్మే "1600 వాట్ల కన్వర్టర్లు" అరచేతిలో పట్టేంత ఉంటాయి, తూకం ఉండదు. అవి తరంగాన్ని ముక్కలుగా కోసి వేడి పుట్టించే వస్తువులకి సరిపెడతాయి. ఎలక్ట్రానిక్ సామానుకి పెట్టకూడదు. చేతిలోకి తీసుకుంటే ఇటుకలా బరువుండాలి, అదే గుర్తు.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వద్దు, రెండు చుట్లూ విడివిడిగా ఉన్నది (ఐసొలేషన్ రకం) అడగండి. ఆటోలో ఒకే చుట్టు ఉంటుంది, లోపల ఒక తీగ తెగితే అవతలి కొసన 230 నేరుగా దిగిపోతుంది. విశాఖలో రెడీమేడ్‌గా దొరుకుతాయి. లేదంటే మోటార్ వైండింగ్ షాపులో "230 నుంచి 115, వంద వీఏ, సెపరేట్ వైండింగ్" అని చెబితే చుట్టిస్తారు. అక్కడి నుంచి తెచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్‌కి చేసినదైతే మన 50 హెర్ట్జ్ మీద బాగా వేడెక్కుతుంది, కాబట్టి ఇక్కడిదే మేలు.

ప్లేయర్ తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్ చూడండి, 110 నుంచి 125 మధ్య ఉండాలి. వేసవి సాయంత్రాలు లైను 180కి దిగితే అవతల 90 దగ్గర వస్తుంది, ప్లేయర్ సినిమా మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. టీవీకి ఉన్న స్టెబిలైజర్ నుంచే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవ్వండి.

ఇంకోటి. కొత్త డిస్కుల్లో కాపీ రక్షణ తాళాలు మారుతుంటాయి, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ప్లేయర్ వాటిని "చదవలేను" అంటుంది. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ న్యూజెర్సీలోనే చేసుకుని రమ్మనండి. ఇక్కడ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిందంటే ప్లేయర్ ఇక పనికిరాని ఇటుకే.

టీవీ వైపు

4కే డిస్కు పెట్టాక నల్లతెర, లేదా బొమ్మ మీద మెరుపు చుక్కలు, లేదా నిమిషానికోసారి తెర ఆరి వెలగడం కనిపిస్తే, టీవీ పోర్టు మామూలు మోడ్‌లో ఉందన్నమాట. శామ్‌సంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్", సోనీలో "హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్"లో "ఎన్‌హాన్స్‌డ్" ఆన్ చేయాలి, అదీ ప్లేయర్ తగిలించిన పోర్టుకే. కొన్ని టీవీల్లో నాలుగు పోర్టులున్నా పూర్తి 4కే సిగ్నల్ తీసుకునేవి ఒకటో రెండో ఉంటాయి. తీగ "ప్రీమియం హై స్పీడ్"ది, రెండు మీటర్లకు మించనిది చాలు. వేలు పోసి బంగారు పూత తీగలు కొననక్కర్లేదు.

పోర్టు సరిగ్గా ఉండి కూడా బొమ్మ చీకటిగా ఉందంటే అది హెచ్‌డీఆర్ (వెలుగునీ నీడనీ మరింత తేడాగా చూపే పద్ధతి) వల్ల. తక్కువ ధర 4కే టీవీల్లో ఆ వెలుగు చూపించే శక్తి ఉండదు. ప్లేయర్ మెనూలో హెచ్‌డీఆర్‌ని మామూలు బొమ్మగా మార్చే సెట్టింగ్ ఉంటే పెట్టి చూడండి, చాలా టీవీల్లో అదే కంటికి హాయిగా ఉంటుంది.

ఇంత తంటా ఎందుకు, ఓటీటీలో రాదా అంటారేమో. ఓటీటీ 4కే సాధారణంగా సెకనుకి 15 నుంచి 25 మెగాబిట్లలో నడుస్తుంది, వంద జీబీ డిస్కు 128 మెగాబిట్ల దాకా ఇస్తుంది. చీకటి సీన్లలో, పొగలో, వానలో తేడా తెలుస్తుంది. పగటి వెలుగులో నలుగురు మాట్లాడుకునే సీన్లో తెలియదు, అదీ నిజమే.

పెళ్ళి డిస్కు: 25 ఫ్రేముల చిక్కు

మన స్టూడియోల్లో కెమెరాలు 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తాయి, మన టీవీ పద్ధతి అది. మామూలు బ్లూ-రే నిబంధనల్లో 1080 గీతల బొమ్మకి ఒప్పుకునేవి ఇవే: 23.976 లేదా 24 ప్రోగ్రెసివ్ (ప్రతి ఫ్రేమూ ఒకేసారి పూర్తిగా వచ్చేది), 50 ఇంటర్‌లేస్‌డ్, 59.94 ఇంటర్‌లేస్‌డ్. 25 ప్రోగ్రెసివ్ ఆ జాబితాలో లేదు. అందుకని స్టూడియోలు 25ని 50 ఇంటర్‌లేస్‌డ్ అని ముద్ర వేసి రాస్తాయి. ఇండియాలో చూసేందుకు అది సరైన పద్ధతే, తప్పుపట్టేదేం లేదు. అమెరికాలో అమ్మే టీవీలు, ప్లేయర్లు కొన్ని 50 హెర్ట్జ్‌ని అసలు తీసుకోవు. డిస్కు తిరుగుతుంది, మెనూ కూడా రావొచ్చు, వీడియో మొదలవగానే "సిగ్నల్ లేదు".

చేయాల్సింది: 25 ఫ్రేముల టైమ్‌లైన్‌ని 23.976కి నెమ్మది చేయాలి. ఫ్రేములు తీసేయడం కాదు, కలిపేయడం కాదు, అవే ఫ్రేములు కాస్త నిదానంగా నడుస్తాయి. 120 నిమిషాల వీడియో 125 నిమిషాలవుతుంది, కంటికి తెలియదు. చెవికి తెలుస్తుంది. నాలుగు శాతం నెమ్మది అంటే నాదస్వరం దాదాపు ముప్పావు స్వరస్థానం దిగిపోతుంది, పురోహితుడి గొంతు బరువెక్కుతుంది. అందుకే ఎడిటర్లో "మెయింటెయిన్ పిచ్" టిక్ పెట్టమనండి. 50 ప్రోగ్రెసివ్‌లో తీస్తే ఫ్రేము విడిచి ఫ్రేము తీసుకుని 25 చేసి, అప్పుడు నెమ్మది చేయాలి. 50 ఇంటర్‌లేస్‌డ్ పాత కెమెరా అయితే ముందు సగాల్ని కలిపి పూర్తి ఫ్రేములు చేయాలి, అంటే డీ-ఇంటర్‌లేస్ చేయాలి. ఇలా చేసిన డిస్కు రాయగడలో కూడా శుభ్రంగా వస్తుంది, మన టీవీలు 24నీ 60నీ తీసుకుంటాయి. రెండు రకాలు చేయించనక్కర్లేదు.

ఎడిటర్‌కి ఇవ్వాల్సిన లెక్కలు: హెచ్.264, హై ప్రొఫైల్, లెవెల్ 4.1, స్లైసులు 4, కీ ఫ్రేముల ఎడం ఒక సెకను మించకూడదు (24 ఫ్రేములు), గరిష్ఠ బిట్‌రేట్ 38 మెగాబిట్లు (నిబంధన 40 దాకా ఒప్పుకుంటుంది, అంచుదాకా పోవద్దు). ఈ స్లైసులూ కీ ఫ్రేములూ పట్టించుకోకుండా యూట్యూబ్ సెట్టింగులతో ఎక్స్‌పోర్ట్ చేస్తే కంప్యూటర్లో బ్రహ్మాండంగా నడుస్తుంది, ప్లేయర్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది.

సగటు బిట్‌రేట్ నిడివిని బట్టి. 25 జీబీ డిస్కు కంప్యూటర్లో 23.3 అని చూపిస్తుంది, మోసం కాదు, లెక్కించే పద్ధతి తేడా. బయటి అంచున ఒకటిన్నర జీబీ ఖాళీ వదిలేయమనండి. రాసేటప్పుడు తప్పులు ఎక్కువ దొర్లేది, చేతి మరకలు పడేది ఆ అంచునే. అలా చూస్తే, ధ్వనికీ ఫైలు కట్టుబడికీ కొంత పోగా, రెండు గంటల వీడియోకి సగటున 23 మెగాబిట్లు, మూడు గంటలకి 15 వస్తుంది. నాలుగు గంటల పెళ్ళి ఒకే 25 జీబీ డిస్కులో కుక్కితే 11కి పడిపోతుంది, తలంబ్రాల సీన్లో గింజలన్నీ చతురస్రాల ముద్దవుతాయి. రెండు డిస్కులు చేయించండి. 50 జీబీ డిస్కు ఒకటి చేయించే కన్నా రెండు 25లే నమ్మకం.

ధ్వని: ఫోన్లు, ఎడిటర్లు ఇచ్చేది ఏఏసీ (ధ్వనిని కుదించే ఒక పద్ధతి). బ్లూ-రే ప్లేయర్ డిస్కులో ఏఏసీని గుర్తించదు. బొమ్మ వస్తుంది, శబ్దం రాదు, ఇంటిల్లిపాదీ రిమోట్ వెతుకుతారు. డాల్బీ డిజిటల్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకి 448 కిలోబిట్లు పెట్టించండి, 640 దాకా పెట్టొచ్చు.

తర్వాత టీఎస్‌మక్సర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బ్లూ-రే ఫోల్డర్ తయారుచేసి, డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌జ్‌బర్న్‌లో ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50 ఎంచుకుని రాయాలి. మామూలుగా రాస్తే వేరే వెర్షన్ పడి ప్లేయర్ దాన్ని డేటా డిస్కు అనుకుంటుంది. వేగం 4ఎక్స్, పాతిక జీబీకి 23 నిమిషాల దాకా పడుతుంది. "వెరిఫై" టిక్ తీయొద్దు, ఇంకో అంతసేపు పట్టినా సరే. పూర్తయ్యాక కంప్యూటర్లో కాకుండా విడి ప్లేయర్లో పెట్టి చివరి పది నిమిషాలు, మధ్యలో రెండు చాప్టర్లు దాటించి చూడాలి.

స్టూడియో ఇచ్చింది బ్లూ-రేనా?

మొదటి పరీక్ష సులువు. పాత డీవీడీ ప్లేయర్లో పెట్టండి. వస్తే అది డీవీడీయే, పైన అట్ట మీద "హెచ్‌డీ" అని ఎంత పెద్ద అక్షరాలున్నా సరే. రాకపోతే కంప్యూటర్లో బ్లూ-రే డ్రైవులో పెట్టి చూడండి. "బీడీఎంవీ" ఫోల్డర్ ఉండాలి. అయితే అది ఒక్కటే సాక్ష్యం కాదు. మామూలు డీవీడీ మీద కూడా అదే ఫోల్డర్‌తో ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో హెచ్‌డీ బొమ్మ రాయొచ్చు, ముప్పై అయిదు నిమిషాల వీడియో పడుతుంది, కొన్ని బ్లూ-రే ప్లేయర్లు దాన్ని నడిపిస్తాయి కూడా. కాబట్టి డిస్కు మొత్తం పరిమాణం చూడండి: 4.38 జీబీ అయితే డీవీడీ, 23.3 అయితే బ్లూ-రే.

అక్కడితో సగమే తేలింది. డీవీడీ నాణ్యత వీడియోని సాగదీసి 1920×1080 చేసి బ్లూ-రే మీద రాసిన డిస్కులు బరంపురం నుంచి విజయనగరం దాకా దొరుకుతాయి, అంకెలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. పట్టుకునేది కన్నే. పెళ్ళికూతురు బరంపురం పట్టు కట్టుకుని ఉంటే మీ పని సులువు. అంచు మీద వరసగా ఉండే కుంభాల (గుడి గోపురంలా మెట్లు మెట్లుగా నేసే త్రికోణాల) మొనలు చూడండి. దగ్గర షాట్‌లో ఆపి, మీటరు దూరంలో నిలబడండి. ప్రతి మెట్టూ విడివిడిగా కనిపిస్తే అసలైన హెచ్‌డీ. మెట్లన్నీ కలిసి నున్నటి త్రికోణంలా, చుట్టూ తెల్లటి అంచు గీసినట్టు ఉంటే సాగదీసిన డీవీడీ. ఆ అంచు దువ్వెన పళ్ళలా చీలి, పెళ్ళికూతురు కదిలినప్పుడల్లా పళ్ళు పొడుగవుతుంటే, డీ-ఇంటర్‌లేస్ చేయకుండానే 24కి మార్చేశారన్నమాట. డబ్బులివ్వక ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఖాళీ డిస్కుల సంగతి కూడా అడగండి. ప్యాకెట్ మీద "ఎల్‌టీహెచ్" అని ఉంటే వద్దనండి. అవి రంగు రసాయనం (డై) పొరతో చేసినవి, వెలుగు, వేడికి ముందే పాడవుతాయి, పాత ప్లేయర్లు కొన్ని చదవవు కూడా. ఆ మాట లేని మామూలు ఖాళీ బ్లూ-రే, అంటే బీడీ-ఆర్‌లో లోహ సమ్మేళనం పొర ఉంటుంది. సోనీ ఖాళీ బ్లూ-రేల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇంకా దొరికేవాటిలో పాత స్టాకు ఎక్కువ, కాబట్టి సీలు తీసి ఒకటి రాయించి సరిచూశాకే మిగతావి తీసుకోండి. డిస్కు మీద పేరు నీళ్ళ మార్కర్‌తో, పై వైపే రాయాలి. కాగితం స్టిక్కర్ అంటించొద్దు. లోపలి అంచున బ్లూ-రే నిమిషానికి దాదాపు రెండు వేల చుట్లు తిరుగుతుంది, స్టిక్కర్ కాస్త పక్కకు జరిగినా డిస్కు వణుకుతుంది.

ఇంకోమాట నిర్మొహమాటంగా: అదే వీడియోని ఎంపీ4 ఫైలుగా పెన్ డ్రైవులో వేసి డిస్కుతో పాటు పంపండి. ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్ డ్రైవు తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి. అక్క వాళ్ళు రోజూ చూసేది అదే అవుతుంది, డిస్కు బీరువాలో ఉంటుంది. అది అలా ఉండటానికే.

తుడవడం, దాచడం

బ్లూ-రేలో డేటా కింది ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది, ఒక కాగితం మందమంత. డీవీడీలో 0.6. ఆ పల్చటి పొర మీద గట్టి పూత వేస్తారు కాబట్టి చిన్న గీతలు పడవు, కానీ లోతుగా పడితే తిరిగి రాదు. డీవీడీల గీతలు అరగదీసే మిషను ఉన్న షాపుకి బ్లూ-రే తీసుకెళ్ళకండి. టూత్‌పేస్టు వైద్యమూ అంతే. రెండూ ఆ పూతని తీసేసి డిస్కుని ఖాయంగా చంపుతాయి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, మధ్య నుంచి అంచుకి నిలువుగా, గుండ్రంగా తిప్పకుండా. మరక మొండిదైతే గుడ్డని మంచినీళ్ళతో తడిపి చాలు.

వంద జీబీ డిస్కు ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంటే ఆ చోట వేలిముద్ర ఉందేమో ముందు చూడండి. మూడు పొరలు కాబట్టి చిన్న మరక కూడా పెద్ద అడ్డం. తుడిచాకా అక్కడే ఆగితే డిస్కు తప్పు, వేర్వేరు చోట్ల ఆగితే ప్లేయర్ లెన్సు తప్పు. డిస్కు తిరిగే శబ్దం 4కేలో ఎక్కువగా వినిపించడం మామూలే, దాని వేగం ఎక్కువ.

మీ వైపు వానాకాలం తేమ లెన్సులకి బూజు పట్టిస్తుంది, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి ఇంకా అన్యాయం. ప్లేయర్‌ని వారానికోసారైనా గంటసేపు నడపండి, ఆ వేడికే లోపలి తడి ఆరుతుంది. డిస్కులు డబ్బాల్లో నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో. ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్కు మీద ఆవిరి పడితే ఆరేదాకా ప్లేయర్లో పెట్టొద్దు.

బావగారు ప్లేయర్ సర్దేలోపు దాని వెనక లేబుల్‌నీ, ముందు భాగాన్నీ ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి. మీ టీవీ మోడల్ నంబరు కూడా రాస్తే ఏ పోర్టులో తగిలించాలో, ట్రాన్స్‌ఫార్మర్ కావాలో వద్దో చెబుతాను.